ఒక కారం ప్యాకెట్టు, మొదటి ఫోను నుంచి చివరి బిల్లు దాకా: విజయవాడ, గుంటూరులలో సొంతంగా పనిచేసే డిజైనరుకు మార్గదర్శి

విజయవాడ గవర్నర్‌పేటలోనైనా గుంటూరు అరండల్‌పేటలోనైనా, ప్రింటు తమ దగ్గరే వేయిస్తే డిజైనుకు వేరే డబ్బు అక్కర్లేదని చెప్పే షాపులు చాలానే కనిపిస్తాయి. ఈ ఊళ్లలో సొంతంగా డిజైను పని మొదలుపెట్టాలనుకునేవారు ముందు అర్థం చేసుకోవలసింది ఈ మాటనే. పుట్టినరోజు ఫ్లెక్సీకి, ఒక పూట కట్టి విప్పేసే స్వాగత బ్యానరుకు ఆ ఉచిత డిజైను సరిపోతుంది. దానితో పోటీపడి రేటు తగ్గించుకుంటూ పోతే చివరికి మిగిలేది కరెంటు బిల్లు మాత్రమే. డబ్బు తీసుకుని డిజైను చేసే మనిషికి చోటున్నది, పొరపాటు జరిగితే క్లయింటు వేల రూపాయలు నష్టపోయే పనుల్లో. ప్యాకెట్లు, పుస్తకాలు, ఆసుపత్రుల కరపత్రాలు, పదేళ్లపాటు నిలవవలసిన బ్రాండు పేర్లు అటువంటివి. అక్కడ క్లయింటు కొనుక్కునేది మీ బాధ్యతను; బొమ్మ అందులో ఒక భాగం.

ఆ బాధ్యత ఎలా ఉంటుందో ఒకే పనిని మొదటి నుంచి చివరి దాకా వెంబడిస్తూ చూద్దాం. గుంటూరు దగ్గర ఒక కుటుంబం ఇన్నాళ్లూ తమ మిల్లులో పట్టిన కారాన్ని విడిగా అమ్ముతూ, ఇప్పుడు సొంత పేరుతో 200 గ్రాముల, 500 గ్రాముల ప్యాకెట్లు తేవాలనుకుంటోందని, ఆ ఇంటి పెద్దాయన మీకు ఫోను చేశారని అనుకుందాం.

మొదటి అడుగు: కంప్యూటరు తెరవకముందు అడగవలసినవి

ఫోనులోనే రంగుల గురించి మాట్లాడటం మొదలవుతుంది. దాన్ని మర్యాదగా పక్కన పెట్టి, సరుకు ఎక్కడ అమ్ముతారో అడగండి. కిరాణా కొట్టులో తాడుకు వేలాడే ప్యాకెట్టుకు, సూపర్‌మార్కెట్ అరలో నిలబడే పౌచ్‌కు, అమెరికాలో ఉన్న బంధువుల ద్వారా అమ్మే ప్యాకెట్టుకు కావలసినవి ఒకటి కావు. తర్వాత మొదటి విడతలో ఎన్ని ప్యాకెట్లు వేయిస్తారో, నింపడం చేత్తోనో యంత్రంతోనో, ప్రింటరును ఇప్పటికే మాట్లాడుకున్నారో లేదో తెలుసుకోండి.

ఈ ప్రశ్నల్లో సంఖ్య అన్నిటికన్నా ముఖ్యమైనది. ప్లాస్టిక్ ఫిల్ముపై పెద్ద మొత్తంలో అచ్చు వేసే గ్రావ్యూర్ పద్ధతిలో ఒక్కో రంగుకు ఒక్కో సిలిండరు చెక్కించాలి. ఆ ఖర్చు లక్షల ప్యాకెట్ల మీద పంచుకుంటే తెలియదు గాని, కొన్ని వేల ప్యాకెట్ల మీద పడితే కారం ధర కన్నా ప్యాకెట్టు ధర ఎక్కువైనట్టు అనిపిస్తుంది. తక్కువ మొత్తానికి సాదా పౌచ్ మీద స్టిక్కరు అంటించడమో, డిజిటల్ ప్రింటు వేయించడమో తెలివైన పని. స్టిక్కరుకు చేయవలసిన డిజైను వేరు, పూర్తి పౌచ్‌కు చేయవలసినది వేరు కాబట్టి, ఈ సంగతి తేలకుండా ఎనిమిది రంగుల బొమ్మ గీసి చూపించడం వృథా శ్రమ.

ముహూర్తం ఎప్పుడో కూడా అడగాలి. పెద్దాయన దసరాకో శ్రావణ శుక్రవారానికో విడుదల అనుకుని ఉంటారు. సిలిండర్ల తయారీ, ఫిల్ము ప్రింటింగు, పొరలు అతికించి ఆరబెట్టడం, పౌచ్ కోయడం, వీటికి ఎన్ని రోజులు పడుతుందో ప్రింటరు నుంచి రాతపూర్వకంగా తీసుకుని, ముహూర్తం నుంచి వెనక్కి లెక్కపెడితే మీ చేతిలో మిగిలే రోజులు తెలుస్తాయి. అవి చాలకపోతే ఆ మాట మొదటి రోజే చెప్పాలి.

ఇక పేరు. పిల్లల పేరో ఇలవేల్పు పేరో ఖాయం చేసుకుని ఉంటే, ట్రేడ్‌మార్కు రిజిస్ట్రీ వెబ్‌సైటులో ఉచితంగా వెతికే వీలుంది. మసాలా దినుసులు 30వ తరగతి కిందికి వస్తాయి. అదే పేరు అదే తరగతిలో వేరొకరికి ఉందని మీరు లోగో గీయకముందే చూపిస్తే, క్లయింటు దృష్టిలో మీ స్థానం ఆ క్షణమే మారిపోతుంది. వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఆన్‌లైను దరఖాస్తు రుసుము తరగతికి 4,500 రూపాయలని, ఆ పని న్యాయవాదికో ట్రేడ్‌మార్కు ఏజెంటుకో అప్పగించమని చెప్పి అక్కడితో ఆగండి. మరొక జాగ్రత్త: గుంటూరు సన్నం మిర్చికి భౌగోళిక గుర్తింపు ఉంది. అధీకృత వినియోగదారుగా నమోదైన పత్రం క్లయింటు దగ్గర లేకుండా ఆ గుర్తింపు ముద్రను ప్యాకెట్టు మీద పెట్టకూడదు.

రెండో అడుగు: ధర

పక్క డిజైనరు ఎంత తీసుకుంటున్నాడని వాకబు చేసి దానికన్నా తక్కువ చెప్పడం ఇక్కడ అందరూ చేసేదే, అందుకే అందరూ నష్టపోతున్నారు. లెక్క మీ ఇంటి నుంచి మొదలవ్వాలి. ఉదాహరణకు ఇంటి అద్దె, తిండి, ఇతర ఖర్చులు నెలకు 30,000. సాఫ్ట్‌వేరు, ఇంటర్నెట్టు, కంప్యూటరు తరుగు కలిపి 6,000. పొదుపుకు, ఆరోగ్య బీమాకు 9,000 అనుకుంటే నెలకు 45,000 రూపాయలు రావాలి. నెలంతా పనిచేసినా ఫోన్లు, తిరుగుడు, వసూళ్లు, నేర్చుకోవడం పోను డబ్బు వచ్చే గంటలు తొంభైకి మించవు. అంటే గంటకు 500. ప్యాకెట్టు పనికి, మార్పులతో సహా, ముప్పై గంటలు పడుతుందని తోస్తే 15,000.

ఈ గంటల లెక్క మీ పుస్తకంలోనే ఉండాలి. క్లయింటుకు మొత్తం ధర ఒక్కటే చెప్పండి. గంటల రేటు చెబితే బేరం గంటల మీదికి పోతుంది. "ముందు చేసి చూపించు బాబూ, నచ్చితే ఇస్తాం" అన్నప్పుడు, పాత పనులు చూపించి, కొత్త నమూనా మాత్రం అడ్వాన్సు అందాకే మొదలవుతుందని నవ్వుతూనే చెప్పాలి. ధర తగ్గించమంటే పని తగ్గించండి: రెండు సైజుల బదులు ఒకటి, రెండు నమూనాల బదులు ఒకటి. అదే పనిని తక్కువకు ఒప్పుకుంటే మొదట చెప్పిన ధర అబద్ధమని మీరే ఒప్పుకున్నట్టు అవుతుంది.

మూడో అడుగు: ఒప్పందం

పదిపేజీల ఒప్పంద పత్రం చూస్తే మన వ్యాపారులు బెదిరిపోతారు. పని షరతులకు వాట్సాప్ సందేశమే ఈ ఊళ్లలో బాగా పనిచేస్తుంది. ఇలా రాయవచ్చు:

"నమస్కారం అండీ. నిన్న మాట్లాడుకున్న ప్రకారం 200 గ్రాములు, 500 గ్రాముల కారం ప్యాకెట్లకు ముందు వైపు, వెనుక వైపు డిజైను చేసి ఇస్తాను. మొదట రెండు నమూనాలు చూపిస్తాను. మీరు ఎంచుకున్నదానిలో మూడుసార్ల వరకు మార్పులు ఈ ధరలోనే చేస్తాను. ఆ తర్వాతి మార్పులకు, కొత్త సైజులకు ధర వేరుగా ఉంటుంది. మొత్తం 15,000 రూపాయలు. సగం ఇప్పుడు, మిగతా సగం ప్రింటింగు ఫైలు ఇచ్చే ముందు ఇవ్వాలి. ప్రింటింగు ఖర్చు, ఫొటోల ఖర్చు ఇందులో లేవు. ప్యాకెట్టు మీద రావలసిన మాటలన్నీ మీరే రాసి పంపాలి. సమ్మతమైతే సరే అని జవాబివ్వండి, మొదలుపెడతాను."

హక్కుల విషయానికి మాత్రం కాగితం, సంతకం తప్పవు. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం, జీతానికి కాకుండా సొంతంగా పనిచేసే డిజైనరు గీసిన బొమ్మకు సాధారణంగా మొదటి యజమాని ఆ డిజైనరే. డబ్బు చెల్లించినంత మాత్రాన హక్కు చేతులు మారదు. బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. అందులో కాలం రాయకపోతే 5 సంవత్సరాలకే, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే అది వర్తిస్తుంది. పెద్దాయన సరుకు రేపు అమెరికాకు పోవచ్చు. కాబట్టి పూర్తి సొమ్ము అందిన తర్వాత హక్కులు అన్ని దేశాలకు, కాపీరైటు ఉన్నంత కాలానికి బదిలీ అవుతాయని, మీ పనిగా చూపించుకునే అనుమతి మాత్రం మీకే ఉంటుందని ఒక పేజీలో రాసి ఇద్దరూ సంతకాలు చేయడం ఉభయులకూ క్షేమం. తిరస్కరించిన రెండో నమూనా మీదేనని కూడా రాసుకోండి.

నాలుగో అడుగు: మాటలు ముందు, బొమ్మ తర్వాత

ప్యాకెట్టు వెనుక వైపు చట్టం ఆక్రమించే జాగా మొదటిసారి చేసేవారికి ఆశ్చర్యం కలిగిస్తుంది. ఉత్పత్తి పేరు, నికర బరువు, అన్ని పన్నులతో కలిపి గరిష్ఠ చిల్లర ధర, గ్రాముకు ఎంత పడుతుందో తెలిపే యూనిట్ ధర, తయారీదారు పేరు, చిరునామా, బ్యాచి సంఖ్య, తయారీ తేదీ, ఎంతకాలంలోపు వాడాలన్న వివరం, వినియోగదారుల ఫిర్యాదులకు ఫోను నంబరు, ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చిహ్నంతో 14 అంకెల లైసెన్సు సంఖ్య, శాకాహారమని తెలిపే ఆకుపచ్చ చదరంలో ఆకుపచ్చ చుక్క, ఇవన్నీ రావాలి. తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులో గాని దేవనాగరి హిందీలో గాని ఉండాలి. తెలుగును అదనంగా ఎంతైనా పెట్టుకోవచ్చు గాని, తెలుగు ఒక్కదానితో సరిపెట్టడానికి వీలులేదు.

ఈ సమాచారాన్ని మీరు ఊహించి నింపకండి. క్లయింటు పంపిన మాటలనే అతికించాలి, లైసెన్సు సంఖ్యను పత్రం ఫొటోతో పోల్చుకోవాలి. తేదీ, బ్యాచి, ధర ప్రతి విడతకు మారతాయి కాబట్టి, వాటిని తర్వాత యంత్రంతో ముద్రించడానికి లేతరంగు ఖాళీ జాగా వదలాలి. ఆ జాగాలో నిగనిగలాడే లామినేషను ఉంటే ఇంకు చెరిగిపోతుందేమో ప్రింటరును ముందే అడగండి.

బార్‌కోడు గురించి కారం ప్యాకెట్టు చేసేవారు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన సంగతి ఉంది. దుకాణాల్లోని స్కానర్లు సాధారణంగా ఎర్రటి కాంతిని వాడతాయి. ఆ కాంతికి ఎరుపు రంగు తెలుపులాగే కనబడుతుంది. ఎర్ర ప్యాకెట్టు మీద అందం కోసం నల్లగీతలు వేస్తే చదవగలదేమో గాని, తెల్లని నేలపై ఎర్రని గీతలు వేస్తే స్కానరుకు అక్కడ ఏమీ లేనట్టే. తెల్లని పెట్టెలో నల్లని గీతలు, రెండు పక్కలా ఖాళీ, ఇంతకు మించిన కళ అక్కడ వద్దు. కోడు సంఖ్యను జీఎస్1 ఇండియా ద్వారా క్లయింటే తీసుకోవాలి. అది కేటాయించే సంఖ్యలు 890తో మొదలవుతాయి. ఇంటర్నెట్టులో దొరికే ఉచిత యంత్రంతో ఏదో సంఖ్య సృష్టించి పెట్టడం మరొకరి సరుకు బిల్లులో పడటానికి దారితీస్తుంది.

బొమ్మ విషయంలో ఒక్క హెచ్చరిక. గుంటూరులో మిర్చి రకాలు తెలియనివారు తక్కువ. ముడతలు పడిన బ్యాడిగి కాయ ఫొటోను సన్నం కారం ప్యాకెట్టు మీద పెడితే మిర్చి యార్డులో మొదటి నవ్వు మీ డిజైను మీదే. ఇంటర్నెట్టులో దొరికిన ఫొటో వాడే బదులు, మాఘ ఫాల్గుణాల్లో మిర్చి యార్డులో గుట్టలు పోసి ఉన్నప్పుడు అనుమతి తీసుకుని సొంతంగా తీయించుకోవడం మేలు. హక్కుల గొడవ ఉండదు, కాయ కూడా నిజమైనదే ఉంటుంది.

ఐదో అడుగు: తెలుగు అక్షరాలు

నా దృష్టిలో ఉచిత డిజైనుకు, డబ్బిచ్చి చేయించుకున్న డిజైనుకు తేడా అన్నిటికన్నా స్పష్టంగా కనిపించేది ఇక్కడే. ఇంగ్లీషు పేరుకు పడే శ్రద్ధలో పావు వంతు కూడా దాని కింద ఉండే తెలుగుకు పడదు.

మన ప్రెస్సుల్లో అనూ ఫాంట్లు ఏళ్లుగా వాడుకలో ఉన్నాయి. అవి యూనికోడ్ కావు, అంటే ఏ కంప్యూటరైనా తెలుగుగా గుర్తించే ఉమ్మడి ప్రమాణంలో లేవు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే తెలుగు స్థానంలో అర్థం లేని గుర్తులు కనబడతాయి, ఆ వచనాన్ని వెబ్‌సైటులోకి అతికించలేం. అందుచేత మూల వచనాన్ని యూనికోడ్‌లో ఉంచుకోండి. ప్రెస్సు అనూలోనే అడిగితే మార్పిడి చేసి ఇచ్చి, మార్చాక ప్రతి వత్తునూ మళ్లీ చదవండి. స్వేచ్ఛగా వాడుకోదగిన యూనికోడ్ ఫాంట్లకు ఇప్పుడు కొరత లేదు: మండలి, రామభద్ర, సూరన్న, ధూర్జటి, ఎన్టీఆర్, బాలూ తమ్ముడు, నోటో సాన్స్ తెలుగు, చివరికి మన ఊరి పేరు పెట్టుకున్న హింద్ గుంటూర్ కూడా గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. ఇవి స్వేచ్ఛా లైసెన్సు కింద ఉన్నవి కాబట్టి వ్యాపార పనులకు వాడుకోవచ్చు.

ఫొటోషాప్‌లో తెలుగు విడిపోయి వత్తులు పక్కన పడుతుంటే తప్పు ఫాంటుది కాకపోవచ్చు. టైపు సెట్టింగుల్లో వరల్డ్‌రెడీ లేఅవుట్ అనే ఎంపికను ఎంచుకోవాలి. ఇన్‌డిజైన్‌లో వరల్డ్‌రెడీ కంపోజరును, ఇల్లస్ట్రేటర్‌లో ఇండిక్ ఆప్షన్లను తెరవాలి. ఫాంటు ఎంచుకునేటప్పుడు రాష్ట్రం, లక్ష్మీ, స్త్రీ, జ్ఞానం వంటి మాటలు టైపు చేసి చూడండి; ఆ తర్వాత క్లయింటు పేరునే టైపు చేసి చూడండి. కొన్ని ఫాంట్లలో మూడు హల్లులు కలిసిన అక్షరం కింది పంక్తిని గుద్దుకుంటుంది.

పైన గుడి, కింద వత్తు ఉండే లిపి కాబట్టి పంక్తుల మధ్య దూరం ఇంగ్లీషుకు పెట్టినదానికన్నా ఎక్కువ కావాలి. అక్షరాల మధ్య దూరాన్ని సాగదీసే అలవాటు తెలుగుకు పనికిరాదు. మాట ముక్కలైనట్టు కనబడుతుంది. అడ్డంగా నొక్కి సన్నగా చేయడం అంతకన్నా దారుణం, ఎందుకంటే తలకట్లు లావుగానూ నిలువు ఒంపులు సన్నగానూ తయారవుతాయి. ఒకే సైజు సంఖ్యలో తెలుగు ఇంగ్లీషు కన్నా చిన్నగా కనిపించవచ్చు. కొలత సంఖ్యను వదిలి కంటితో సరిచేయండి.

ఆరో అడుగు: అచ్చుకు వెళ్లే ఫైలు

పౌచ్ కొలతల గీతను ప్రింటరు నుంచే తీసుకోవాలి. ఎక్కడ మడత, ఎక్కడ అతుకు, ఎక్కడ చింపుడు గాటు అన్నది అందులో ఉంటుంది. అతుకు పడే అంచుల్లో అక్షరం ఉండకూడదు. నింపే యంత్రం ప్యాకెట్టును సరైన చోట కోయడానికి అంచున ఒక ముదురు దీర్ఘచతురస్రాన్ని చూసుకుంటుంది, దాన్ని ఐ మార్క్ అంటారు. దాని దారిలో మరే బొమ్మ వచ్చినా యంత్రం తికమకపడి ప్యాకెట్టును నడుమన కోస్తుంది. పారదర్శకమైన లేదా వెండిపూత ఫిల్ము అయితే రంగుల కింద తెల్ల ఇంకు పొర ఎక్కడెక్కడ కావాలో విడిగా గుర్తించి ఇవ్వాలి.

తెర మీద కనిపించే మండే ఎరుపు ఇంకులో రాదు. ఫైలును సీఎంవైకేలోకి, అంటే అచ్చుకు వాడే నాలుగు ఇంకుల పద్ధతిలోకి మార్చి, మెజెంటా, పసుపు రెండూ నూరు శాతం దగ్గర ఉంచితే వచ్చే ఎరుపును ప్రింటరు దగ్గరున్న రంగుల పట్టికలో క్లయింటుకు చూపించండి. ఫోను తెర మీద ఆమోదం తీసుకుంటే, ప్యాకెట్టు వచ్చాక రంగు మారిందన్న మాట పడాల్సి వస్తుంది. ఫొటోలు అచ్చు సైజులో అంగుళానికి 300 చుక్కలు, కోత అంచుల బయటికి 3 మిల్లీమీటర్ల అదనపు రంగు అన్నవి ఆఫ్‌సెట్ కాగితం పనికి, స్టిక్కరుకు చాలు. చిన్న అక్షరాలను ఒక్క నలుపు ఇంకుతోనే ఉంచాలి. నాలుగు రంగుల నేలలో తెల్లగా వదిలిన చిన్న తెలుగు అక్షరాల్లో, రంగులు వెంట్రుకవాసి జరిగినా వత్తులు పూడిపోతాయి.

చివరి ఫైలులో అక్షరాలను గీతలుగా మార్చి పీడీఎఫ్‌గా ఇవ్వండి. మార్చని మూల ఫైలును మీ దగ్గర, మరొక హార్డ్‌డిస్కులోనూ భద్రపరచండి. అసలు సైజులో ఒక కాగితం ప్రింటు తీసి, కత్తిరించి, మడిచి, కారం నింపిన సంచికి అంటించి పెద్దాయన చేతికివ్వండి. ఇంట్లో పిల్లలతోనూ పెద్దవాళ్లతోనూ ఒకసారి చదివించమని అడగండి. తర్వాత ఆ ప్రింటు మీదే తేదీ వేయించి సంతకం తీసుకోవాలి. అచ్చయ్యాక ఫోను నంబరులో అంకె తప్పు బయటపడితే, ఆ నష్టం ఎవరిదన్న వాదన ఆ కాగితం దగ్గరే ఆగిపోతుంది.

ఏడో అడుగు: బిల్లు, పన్ను, రావలసిన బాకీ

సేవల ద్వారా ఏడాది రాబడి 20 లక్షల రూపాయలు దాటనంతవరకు మన రాష్ట్రంలో జీఎస్టీ నమోదు తప్పనిసరి కాదు. నమోదు లేనివారు బిల్లులో జీఎస్టీ వసూలు చేయకూడదు. ఆసుపత్రులు, కంపెనీలు ఏడాదిలో మీకిచ్చే వృత్తి రుసుము 50,000 దాటితే సాధారణంగా 10 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే ఆదాయపు పన్ను) మినహాయిస్తాయి. అది పోయిన డబ్బు కాదు, మీ పాన్ మీద జమ అవుతుంది, రిటర్ను వేసినప్పుడు లెక్కకు వస్తుంది. ప్రతి బిల్లుకు వరుస సంఖ్య, తేదీ, పాన్, బ్యాంకు వివరాలు, చెల్లించవలసిన గడువు ఉండాలి.

చిన్న సంస్థల కోసం ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ నమోదు ఉచితం, ఆన్‌లైనులో ఆధార్‌తో పూర్తవుతుంది. దీని విలువ బాకీల దగ్గర తెలుస్తుంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు కొనుగోలుదారు ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా చక్రవడ్డీతో బాకీ పడతారు. ఎంఎస్ఎంఈ శాఖ ఆన్‌లైను పోర్టల్‌లో ఫిర్యాదు చేసే వీలుంది. నిజానికి మన ఊరి వ్యాపారి మీద ఫిర్యాదు దాకా పోవడం అరుదు. బిల్లు అడుగున ఉద్యమ్ సంఖ్యతో పాటు ఈ గడువును ఒక వాక్యంలో రాస్తే, పెద్ద సంస్థల అకౌంట్సు విభాగాలు ఆ కాగితాన్ని వేరేగా చూస్తాయి. కారం పెద్దాయన విషయంలో ఇదంతా అక్కరలేదు. మిగతా సగం అందాకే ఫైలు ఇస్తానన్న మొదటి సందేశమే మీకు రక్ష.

ఎనిమిదో అడుగు: తర్వాతి పని

ఈ ఊళ్లలో డిజైను పనికి పంచాంగంతో సంబంధం ఉంది. మూఢంలో, ఆషాఢంలో శుభలేఖలు, ప్రారంభోత్సవాల పనులు పలచబడతాయి. దసరా, సంక్రాంతి ముందు బట్టల దుకాణాలు, వేసవిలో కాలేజీల అడ్మిషన్లు ఒక్కసారిగా మీదపడతాయి. పని ఉన్న నెలల రాబడిలో కొంత, లేని నెలల కోసం పక్కన పెట్టకపోతే తక్కువ ధరకు ఒప్పుకునే బలహీనత ఆషాఢంలోనే వస్తుంది.

ప్యాకెట్టు విడుదలయ్యాక కిరాణా కొట్టు అరలో ఉండగా ఫొటో తీసుకోండి. విడి కారం సంచీ ఫొటో ఒకటి, కొత్త ప్యాకెట్టు ఫొటో ఒకటి, మధ్యలో మీరు ఏ సమస్యను ఎలా తీర్చారో నాలుగు వాక్యాలు ఉంటే, వన్‌టౌన్ హోల్‌సేలు వ్యాపారికి గాని పచ్చళ్లు అమ్మే గృహిణికి గాని అంతకు మించిన పరిచయం అవసరం లేదు. ఇరవై లోగోలు వరసగా పేర్చిన ఆల్బం కన్నా ఇది బాగా పనిచేస్తుంది.

పుస్తకాల మీద ఆసక్తి ఉన్నవారికి విజయవాడలో మరో దారి ఉంది. ఏలూరు రోడ్డులో ప్రచురణ సంస్థలు, పుస్తకాల దుకాణాలు ఉన్నాయి. పుస్తక మహోత్సవం సాధారణంగా జనవరి ఆరంభంలో జరుగుతుంది. ఆ వేళకు కొత్త పుస్తకాలు రావాలి కాబట్టి కవరు పేజీల పని డిసెంబరులో ఉరుకులు పరుగులుగా సాగుతుంది. అప్పుడు వెళ్లి పని అడిగితే ఎవరికీ తీరిక ఉండదు. దసరా సెలవులు ముగియగానే మూడు నమూనా కవర్లతో, వాటిలో ఒకదానికి పుస్తకం వెన్నెముక (పేజీలు కుట్టే పక్క) మందంతో సహా పూర్తి అచ్చు ఫైలుతో వెళ్లి ప్రచురణకర్తను కలవండి.